బ్రిటన్ విశ్వవిద్యాలయాల ఆపత్సహాయనిధి – తెలుగు విద్యార్థుల దరఖాస్తులు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

బ్రిటన్‌లోని విశ్వవిద్యాలయాలు ఆర్థికమైన ఇబ్బందిలో పడిన విద్యార్థుల కోసం హార్డ్‌షిప్ ఫండ్ పేరుతో ఒక నిధిని నిర్వహిస్తున్నాయి. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లిన విద్యార్థులు ఈ నిధికి దరఖాస్తు చేసేటప్పుడు, స్వదేశంలో ఉపకారవేతనాల ద్వారా అలవడిన పద్ధతినే అనుసరిస్తారు. కుటుంబ పేదరికాన్ని నిరూపిస్తే చాలునని భావిస్తారు. ఆ నిధి పరిశీలకులు చూసేది మాత్రం చదువు మొదలైన తరువాత వచ్చిపడిన మార్పును. ఈ తేడాను, దాని వెనుక ఉన్న వీసా నిబంధనలను, దరఖాస్తు రచనలో పాటించవలసిన అంశాలను, సిఫారసు లేఖలు రాసే అధ్యాపకుల బాధ్యతను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హార్డ్‌షిప్ ఫండ్, ఆపత్సహాయం, విద్యార్థి వీసా, ఆదాయ ధ్రువీకరణ, పరిశోధక భృతి, అర్జీ రచన.

1. ఉపోద్ఘాతం:

తెలుగు రాష్ట్రాల్లో కళాశాల చదువు చదివిన వారిలో ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం మీసేవ కేంద్రం చుట్టూ తిరగనివారు తక్కువ. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం విస్తృతంగా అమలులోకి వచ్చిన తరువాత, తహసీల్దారు సంతకం ఉన్న ఆ ఒక్క కాగితం ఎన్నో లక్షల చదువులకు ఆధారమైంది. కుటుంబ వార్షికాదాయం నిర్దేశించిన పరిమితికి లోపల ఉందా, సామాజికవర్గం ఏది అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే అర్హత తేలిపోతుంది. ఆ విద్యార్థి నెలకు ఎంత ఖర్చు చేస్తున్నాడు, గత మూడు నెలల్లో ఎవరికి ఎంత పంపాడు, ఏ దుకాణంలో ఏమి కొన్నాడు అని ఎవరూ అడగరు.

అదే విద్యార్థి స్నాతకోత్తర విద్యకో పరిశోధనకో బ్రిటన్ వెళ్లి, అక్కడ చేతిలో డబ్బు అయిపోయినప్పుడు, విశ్వవిద్యాలయం ఇచ్చే దరఖాస్తు పత్రంలో సరిగ్గా ఈ ప్రశ్నలే కనిపిస్తాయి. అతడు ఆశ్చర్యపోతాడు. కొందరు అవమానంగా భావించి ఆ పత్రాన్ని మధ్యలోనే వదిలివేస్తారు. మరికొందరు తమకు తెలిసిన పద్ధతిలో కుటుంబ పేదరికాన్ని వివరించి, ఆదాయ ధ్రువీకరణ పత్రాన్ని జతచేసి పంపుతారు. తిరస్కరణ వచ్చినప్పుడు, తమ కష్టాన్ని నమ్మలేదని బాధపడతారు. చాలా సందర్భాల్లో అక్కడ నమ్మకపోవడం అన్న ప్రసక్తి ఉండదు. అడిగిన ప్రశ్న ఒకటి, రాసిన జవాబు వేరొకటి కావడమే కారణం.

2. నిధి నేపథ్యం:

బ్రిటన్‌లో 1990లో విద్యార్థి ఋణాల విధానం ప్రారంభమైంది. ఆ సమయంలోనే పూర్తికాల విద్యార్థులను చాలావరకు సాంఘిక సంక్షేమ భృతుల నుంచి తొలగించారు. దానివల్ల ఇబ్బందిపడేవారి కోసం ఏక్సెస్ ఫండ్స్ అనే నిధులను ప్రభుత్వం విశ్వవిద్యాలయాల ద్వారా పంపిణీ చేసింది. ఇంగ్లండులో 2004–05 నుంచి ఇది ఏక్సెస్ టు లెర్నింగ్ ఫండ్ అనే పేరుతో కొనసాగి, 2014లో రద్దయింది. అప్పటి నుంచి ఇంగ్లండు విశ్వవిద్యాలయాలు ప్రధానంగా తమ సొంత వనరులతో, తమకు తోచిన పేర్లతో ఈ నిధిని నడుపుతున్నాయి. కోవిడ్ కాలంలో, 2021 ఫిబ్రవరిలో, ప్రభుత్వం 5 కోట్ల పౌండ్లను అదనంగా కేటాయించడం వంటివి ప్రత్యేక సందర్భాలు.

ఈ చరిత్రలో మన విద్యార్థులకు సంబంధించిన విషయం ఒకటుంది. ప్రభుత్వం సమకూర్చిన నిధి స్వదేశీ విద్యార్థులకే పరిమితమైనది. స్కాట్లండులో ప్రభుత్వం ఇచ్చే విచక్షణానిధి పరిస్థితి నేటికీ ఇదే. విశ్వవిద్యాలయం తన సొంత సొమ్మును ఇచ్చేటప్పుడు మాత్రం అర్హతను అదే నిర్ణయించుకుంటుంది. అందువల్ల ఒక విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులకు ప్రత్యేకనిధి ఉండవచ్చు, పక్క ఊరి విశ్వవిద్యాలయంలో తిరిగి చెల్లించవలసిన స్వల్పకాలిక ఋణం మాత్రమే ఉండవచ్చు. స్నేహితుడికి వచ్చింది కాబట్టి తనకూ వస్తుందన్న తర్కం ఇక్కడ పనిచేయదు. తాను చదివే సంస్థ నిబంధనలను చదవడం తప్ప వేరే దారి లేదు.

మరొక భయాన్ని కూడా ఇక్కడే తొలగించవలసి ఉంది. విద్యార్థి వీసాపై ప్రభుత్వ నిధులను పొందరాదన్న షరతు ఉంటుంది. హార్డ్‌షిప్ ఫండ్ తీసుకుంటే వీసా రద్దవుతుందని కొందరు విద్యార్థులు నమ్మి, అర్హత ఉన్నా దరఖాస్తు చేయరు. వలస నిబంధనలు ఏవి ప్రభుత్వ నిధులో ఒక జాబితాగా పేర్కొన్నాయి. విశ్వవిద్యాలయం ఇచ్చే ఆపత్సహాయం ఆ జాబితాలో లేదు. తక్కువ ఆదాయం ఉన్నవారికి కౌన్సిల్ పన్నులో ఇచ్చే తగ్గింపు మాత్రం ఆ జాబితాలో ఉంది. పూర్తికాల విద్యార్థి అయినందువల్ల లభించే కౌన్సిల్ పన్ను మినహాయింపు దానికి భిన్నమైనది, దానిని నిస్సంకోచంగా పొందవచ్చు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం తరచు జరిగే పొరపాటు.

3. చూపిన సొమ్ము, లేని సొమ్ము:

ఈ విషయంలో అన్నింటికంటె చిక్కు ఇక్కడే ఉంది. విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవారు మొదటి సంవత్సరంలో చెల్లించవలసిన బోధన రుసుముతోపాటు, గరిష్ఠంగా 9 నెలల జీవనవ్యయాన్ని తమ ఖాతాలో గాని తల్లిదండ్రుల ఖాతాలో గాని వరుసగా 28 రోజులు ఉంచినట్లు చూపాలి. బ్యాంకు మంజూరుచేసిన విద్యాఋణాన్నీ చూపవచ్చు. 2025 జనవరిలో అమలులోకి వచ్చిన లెక్క ప్రకారం ఈ వ్యయం లండనులో నెలకు 1,483 పౌండ్లు, ఇతర ప్రాంతాల్లో 1,136 పౌండ్లుగా ఉండేది. అంటే అప్పట్లో లండను వెలుపల చదివేవారు 9 నెలలకు 10,224 పౌండ్లు చూపవలసి ఉండేది. ఈ మొత్తాలను ప్రభుత్వం అప్పుడప్పుడూ పెంచుతూ ఉంటుంది.

కొన్ని నెలల తరువాత హార్డ్‌షిప్ ఫండ్ దరఖాస్తును పరిశీలించే అధికారి ముందు మొదట మెదిలే ప్రశ్న ఇదే: నీ దగ్గర సరిపడినంత సొమ్ము ఉన్నదని చూపి వచ్చావు కదా, ఆ సొమ్ము ఏమైంది? అనేక విశ్వవిద్యాలయాలు విదేశీ విద్యార్థుల దరఖాస్తు పత్రంలో ఈ ప్రశ్నను నేరుగానే అడుగుతాయి.

నిజంగా ఉన్న సొమ్ము ఖర్చయిపోయినవారికి జవాబు చెప్పడం కష్టం కాదు. కాని మేనమామ దగ్గరో ఊరిలో తెలిసినవారి దగ్గరో చేబదులు తెచ్చి, లేదా మధ్యవర్తుల ద్వారా వడ్డీకి తెచ్చి, 28 రోజులు తండ్రి ఖాతాలో ఉంచి తిరిగి ఇచ్చివేసే పద్ధతి మన ప్రాంతాల్లో తెలియనిది కాదు. బ్రిటన్ నిబంధనల దృష్టిలో ఇది చిన్న వెసులుబాటు అనిపించుకోదు. చూపిన సొమ్ము చదువు ఖర్చుకు నిజంగా అందుబాటులో ఉండాలన్నది షరతు. లేనిదాన్ని ఉన్నట్లు చూపడం మోసంగా పరిగణింపబడి, భవిష్యత్తులో చేసే వీసా దరఖాస్తులకు కూడా అడ్డువస్తుంది. విశ్వవిద్యాలయం ఒకవైపు విద్యార్థిని ఆదుకొనే సంస్థ, మరొకవైపు వలస శాఖకు సమాచారం అందించవలసిన వీసా ప్రాయోజకసంస్థ. ఒకే కార్యాలయం ఈ రెండు పనులూ చేయకపోయినా, సంస్థ ఒక్కటే.

ఇటువంటి స్థితిలో ఉన్న విద్యార్థికి ఏమి చెప్పాలి? ఆ సొమ్ము దొంగలు దోచుకున్నారనో వ్యాపారంలో పోయిందనో కథ అల్లమని సలహా ఇచ్చేవారు ఉంటారు. అది మొదటి తప్పుపై రెండవ తప్పును కప్పడం. బ్యాంకు పత్రాల్లో 29వ రోజున వెళ్లిపోయిన మొత్తం కనిపిస్తూనే ఉంటుంది. దరఖాస్తుకు ముందే విద్యార్థి సంఘపు సలహా కేంద్రానికి వెళ్లి, ఉన్నది ఉన్నట్లు చెప్పుకోవడం ఈ వ్యాసకర్త దృష్టిలో సరియైన మార్గం. ఈ కేంద్రాలు సాధారణంగా విశ్వవిద్యాలయ పాలనతో సంబంధం లేకుండా, గోప్యత పాటిస్తూ పనిచేస్తాయి. వీసా విషయమై సలహా ఇవ్వడానికి బ్రిటన్‌లో 1999 నాటి చట్టం ప్రకారం గుర్తింపు ఉండాలి. ఆ గుర్తింపు వాట్సాప్ బృందాలకు లేదు.

తప్పు విద్యార్థిదేనని చెప్పి ముగించడం కూడా న్యాయం కాదు. ఒక సగటు తెలుగు కుటుంబం ఏకకాలంలో సమకూర్చలేని మొత్తాన్ని ప్రవేశద్వారం దగ్గర చూపమని అడిగి, లోపలికి వచ్చాక ఎందుకు లేదని అడిగే వ్యవస్థ అది. ఆ రెండు ప్రశ్నల మధ్య నలిగేది తరచు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసువారు.

4. లేమి – ఆపద:

హార్డ్‌షిప్ అన్న మాటను ‘కష్టం’, ‘ఇబ్బంది’, ‘ఆర్థిక దుస్థితి’ అని పలువిధాలుగా అనువదించవచ్చు. నిధి పనిచేసే తీరును బట్టి చూస్తే ‘ఆపద’ అనే మాట దీనికి దగ్గరగా ఉంది. లేమి ఒక స్థితి. ఆపద ఒక ఘటన. లేమి తరతరాలుగా ఉండవచ్చు, ఆపదకు మాత్రం ఒక తేదీ ఉంటుంది. విదేశీ విద్యార్థుల దరఖాస్తుల్లో పరిశీలకులు వెతికేది ఆ తేదీనే. చదువు మొదలైననాడు ఊహించడానికి వీలులేనిది ఏమి జరిగింది, ఎప్పుడు జరిగింది, దానివల్ల ఎంత సొమ్ము ఆగిపోయింది? ఈ వ్యాసంలో ‘ఆపత్సహాయనిధి’ అన్న పేరును ఎంచుకోవడానికి కారణం ఇదే.

చదువుకు డబ్బు పంపే వ్యక్తి మరణించడం, తీవ్రమైన అనారోగ్యం, ఉద్యోగం కోల్పోవడం వంటివి సహజంగానే ఈ కోవలోకి వస్తాయి. మన విద్యార్థులు గుర్తించని ఆపదలు మరికొన్ని ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు అందించే విదేశీవిద్యా సహాయం విడతలుగా వస్తుంది. మంజూరు ఉత్తర్వు చేతిలో ఉండి విడత సకాలంలో రానప్పుడు, ఆ ఉత్తర్వునూ, సొమ్ము జమకాని బ్యాంకు ఖాతా పత్రాన్నీ పక్కపక్కన పెడితే అది తిరుగులేని సాక్ష్యం. రూపాయి విలువ తగ్గడం మరొకటి. 2023 తొలినాళ్లలో పౌను విలువ సుమారు 100 రూపాయలు, 2025 మధ్యనాటికి అది 115 దాటింది. నెలకు 1,000 పౌండ్లు పంపే తండ్రికి నెలకు 15,000 రూపాయలకు పైగా అదనపు భారం. విద్యాఋణం రూపాయల్లో మంజూరయి ఉంటే, లోటు ఎంతో లెక్కగట్టి చూపవచ్చు.

ఆపదగా ఒప్పుకోనివి ఏమిటో కూడా తెలియాలి. బోధన రుసుము బకాయికి ఈ నిధిని సాధారణంగా ఇవ్వరు. ఎక్కువమంది దరఖాస్తు పెట్టేది దానికోసమే కావడం విచారకరం. రుసుము విషయమై ఆర్థిక విభాగంతో వాయిదాల ఒప్పందం కోసం విడిగా మాట్లాడుకోవాలి. ఆలస్యం చేస్తే విశ్వవిద్యాలయం ప్రవేశాన్ని రద్దుచేసి వలస శాఖకు తెలియజేయవచ్చు. అప్పుడు దేశం విడిచి వెళ్లడానికి సాధారణంగా 60 రోజుల గడువే మిగులుతుంది. పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరకలేదన్న కారణం కూడా ఒంటరిగా నిలవదు. ఉద్యోగంపై ఆధారపడి చదువుకు రాలేదన్నది వీసా దరఖాస్తులోనే ఇమిడి ఉన్న ప్రమాణం. ఉన్న ఉద్యోగం పోతే మాత్రం దానికి తేదీ ఉంది, కాగితం ఉంది.

5. అర్జీ రచన నుంచి లెక్కల పత్రానికి:

మన పాఠశాలల్లో నేర్పే అర్జీకి ఒక రూపం ఉంది. ‘తమరు దయతో’ అని మొదలై, ‘మేము నిరుపేద కుటుంబానికి చెందినవారము’ అని సాగి, ‘తమ మేలు జన్మజన్మలకు మరువము’ అనే ధోరణిలో ముగుస్తుంది. అందులో దాత, యాచకుడు అనే సంబంధం ప్రధానం. అడిగిన మొత్తం ఎంతో, ఎన్ని నెలలకో చాలా సందర్భాల్లో ఉండదు. దాత ఔదార్యానికి అవధి నిర్ణయించడం మర్యాద కాదన్న భావన దీనికి కారణం కావచ్చు. ఆంగ్లంలో రాసినా మన విద్యార్థుల లేఖల్లో ఈ నిర్మాణమే కనిపిస్తుంది. దానిని చదివే ఉద్యోగి దాత కాడు. అంకెలను ఒక పట్టికలో పూరించి, లోటును లెక్కవేసి, నిబంధనల్లోని పరిమితికి లోబడి మొత్తాన్ని నిర్ణయించేవాడు. కృతజ్ఞత అతని పట్టికలో ఇమడదు.

ఒక కల్పిత ఉదాహరణతో దీనిని వివరించవచ్చు. లండను వెలుపలి నగరంలో 2024 సెప్టెంబరులో చేరిన ఎమ్మెస్సీ విద్యార్థిని తండ్రి గుంటూరు సమీపంలో మిర్చి రైతు. ఆమె నెలసరి ఖర్చు అద్దె 520, ఆహారం 180, బస్సు 60, ఫోను తదితరాలు 40, మొత్తం 800 పౌండ్లు. 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన కనీసవేతనం గంటకు 12 పౌండ్ల 21 పెన్నీలు. వారానికి 10 గంటల పనికి నాలుగు వారాలకు సుమారు 488 పౌండ్లు వస్తాయి. తండ్రి నెలనెలా పంపిన 400 పౌండ్లతో కలిపి ఆమెకు సరిపోయింది. 2025 తొలి నెలల్లో మిర్చి ధర పడిపోయింది. తండ్రి తన ఖాతాలో ఆమె కోసం ఉంచిన సొమ్మును కౌలుకు, ఎరువుల దుకాణం బాకీకి చెల్లించవలసివచ్చింది. మార్చి నుంచి సొమ్ము రాలేదు.

అర్జీ పద్ధతిలో ఆమె రాసే లేఖ, తమది సన్నకారు రైతుకుటుంబమని, వ్యవసాయం గిట్టుబాటు కావడం లేదని, దయచేసి ఆదుకోవలసిందని చెబుతుంది. ఇందులో ఒక్క అబద్ధం లేదు, అయినా పరిశీలకుడికి పనికివచ్చే అంకె ఒక్కటీ లేదు. పైగా ‘ఇదంతా చేరేముందే తెలుసు కదా’ అన్న సందేహానికి తావిస్తుంది. అదే విషయాన్ని వేరే విధంగా చెప్పవచ్చు: ఫిబ్రవరి వరకు నెలకు 400 పౌండ్లు వచ్చినట్లు నా ఖాతా పత్రం చూపుతుంది, మార్చి నుంచి రాలేదు, కారణం పంట ధర పతనం, యార్డులో అమ్మకానికి ఇచ్చిన పట్టీ, తండ్రి ఖాతా పత్రం ఆంగ్లానువాదంతో జతచేశాను, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు నెలకు 312 పౌండ్ల చొప్పున 6 నెలలకు 1,872 పౌండ్ల లోటు ఉంది. ఆ ఫిబ్రవరిలోనే కేంద్రప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల మార్కెట్ జోక్య ధరను ప్రకటించింది. ఆ ప్రకటనను జతచేస్తే, గుంటూరు ఎక్కడుందో తెలియని పరిశీలకుడికి కూడా ఇది ఒక్క ఇంటి మాట కాదని బోధపడుతుంది. లోటు మొత్తాన్నీ నిధి పూడ్చకపోవచ్చు. గరిష్ఠ పరిమితులు ఉంటాయి. అయితే నిర్ణయించడానికి ఆధారమంటూ ఏర్పడుతుంది.

బ్యాంకు పత్రాల గురించి ఒక మాట. సాధారణంగా గత మూడు నెలల పత్రాలను, అన్ని ఖాతాలవీ అడుగుతారు. అన్ని అంటే హైదరాబాదులోని పొదుపు ఖాతా కూడా. దానిని దాచి, తరువాత ఒక జమ ద్వారా బయటపడితే మిగిలిన నిజాలకూ విలువ పోతుంది. తోటివారితో కలిసి ఉండే మన విద్యార్థుల ఖాతాల్లో అద్దె వాటాలు, కిరాణా వాటాలు, ఒకరికొకరు సర్దుకొన్న మొత్తాలు ఎడతెగకుండా కనిపిస్తాయి. చూసేవారికి అవి వివరణ లేని ఆదాయంలా తోస్తాయి. ప్రతి పెద్ద మొత్తం పక్కన ఒక పంక్తిలో కారణం రాయడం విసుగు పుట్టించే పనే గాని, దరఖాస్తు నిలిచేదీ వీగేదీ చాలావరకు అక్కడే. ఇంకొక ప్రమాదమూ ఉంది. డిగ్రీ స్థాయి, ఆపై చదువుల విద్యార్థులు సాధారణంగా చదువుకాలంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు. ఎమ్మెస్సీ విద్యార్థులకు సిద్ధాంతవ్యాసం రాసే వేసవి నెలలు కూడా చదువుకాలమే. ఖాతాలో జమపడిన జీతం ఆ పరిమితిని మించితే, సహాయం కోసం పంపిన పత్రమే ఉల్లంఘనకు సాక్ష్యమవుతుంది.

6. పరిశోధకుల ప్రత్యేకస్థితి:

పరిశోధక విద్యార్థుల ఇబ్బంది వేరే చోట మొదలవుతుంది. బ్రిటన్ పరిశోధన మండలులు ఇచ్చే భృతి 2025–26లో సంవత్సరానికి కనీసం 20,780 పౌండ్లు. భృతి ఒక నిర్ణీత కాలానికే ఉంటుంది. సిద్ధాంతగ్రంథం ఆలోపు పూర్తికాదు. మన విశ్వవిద్యాలయాల్లో ఫెలోషిప్ గడువు ముగిసిన తరువాత హాస్టలు గదిలో కూర్చొని అధ్యాయాలు దిద్దుకున్న పరిశోధకులకు ఈ దశను వర్ణించి చెప్పనవసరం లేదు. అక్కడ తేడా ఏమిటంటే అద్దె ఆగదు, వీసా గడువూ ఆగదు.

భృతి ఫలానా తేదీన ముగుస్తుందని మొదటిరోజే తెలుసు కాబట్టి అది ‘ఊహించని మార్పు’ కాదని కొన్ని నిధులు తిరస్కరిస్తాయి. గ్రంథరచన దశలో ఉన్నవారిని కొన్ని సంస్థలు అసలు అర్హులుగానే పరిగణించవు. కాబట్టి ఆలస్యానికి గల కారణానికి తేదీ ఉండాలి. పర్యవేక్షకుడు మారడం, ప్రయోగశాల మూతపడడం, క్షేత్రపర్యటన అనుమతి ఆలస్యం కావడం, అనారోగ్యం వంటివి వార్షిక ప్రగతి నివేదికలో ఆ సమయంలోనే నమోదై ఉంటే ఎంతో బలం. పర్యవేక్షకుడి దగ్గర మొహమాటపడి నివేదికలో ‘అంతా సవ్యంగా సాగుతోంది’ అని రాసిన పరిశోధకుడు, ఏడాది తరువాత ఆ వాక్యంతోనే తనపై తాను వాదించుకోవలసివస్తుంది. డబ్బు లేనందున కొంతకాలం చదువు ఆపుకుందామన్న ఆలోచన కూడా విదేశీ విద్యార్థికి అంత సులభం కాదు. విరామం 60 రోజులు మించితే సాధారణంగా వీసా ప్రాయోజకత్వం నిలిచిపోతుంది.

7. అధ్యాపకుల లేఖ, తిరస్కరణ తరువాత:

విదేశంలో ఉన్న పూర్వవిద్యార్థి ఒక లేఖ కావాలని అడిగినప్పుడు, మనం సాధారణంగా అతని ప్రతిభను, వినయాన్ని, క్రమశిక్షణను ప్రశంసిస్తూ రాస్తాం. ప్రవేశానికి అది చాలును. ఆపత్సహాయానికి అది అంతగా ఉపయోగపడదు. మనకు ప్రత్యక్షంగా తెలిసిన విషయం ఏదైనా ఉంటే, ఉదాహరణకు కుటుంబంలో జరిగిన మరణం, ఆ ప్రాంతంలో వచ్చిన వరద, ప్రభుత్వ విడత విడుదల కాకపోవడం, అది ఎలా తెలిసిందో చెబుతూ పది పంక్తుల్లో రాస్తే చాలు. తెలియని విషయాన్ని విద్యార్థి చెప్పాడు కదా అని మన సంతకంతో ధ్రువీకరించకూడదు. తెలుగు పత్రాలకు ఆంగ్లానువాదం చేసిపెట్టడం, లెక్కను ఒకసారి సరిచూడడం, దరఖాస్తు పంపేముందు గడువుతేదీని గుర్తుచేయడం ప్రశంసాలేఖ కంటె మేలైన సాయం. నిధి విద్యాసంవత్సరం మొదట్లో నిండుగా ఉండి చివరకు తరిగిపోతుంది కాబట్టి, పరువుకోసం నెలల తరబడి ఓర్చుకొని మే నెలలో అడిగేవాడికి మిగిలేది తక్కువ.

దరఖాస్తు తిరస్కరణకు గురైతే మొదట కారణాన్ని లిఖితపూర్వకంగా అడగాలి. పత్రాలు చాలలేదన్నది కారణమైతే కొత్త పత్రాలతో పునఃపరిశీలన కోరవచ్చు. ఇది విచక్షణతో ఇచ్చే సహాయం కాబట్టి ‘నాకు హక్కు ఉంది’ అన్న వాదన నిలవదు. నిబంధనలను సరిగా అన్వయించలేదన్న వాదన నిలుస్తుంది. విశ్వవిద్యాలయపు అంతర్గత ఫిర్యాదు ప్రక్రియ ముగిశాక, ఆ ముగింపును తెలిపే లేఖ అందిన 12 నెలల లోపు ఇంగ్లండు, వేల్సు విద్యార్థులు ఆఫీస్ ఆఫ్ ద ఇండిపెండెంట్ అడ్జుడికేటర్ అనే స్వతంత్రసంస్థకు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. స్కాట్లండులో ఆ పని అక్కడి పబ్లిక్ సర్వీసెస్ అంబుడ్స్‌మన్‌ది. నెలలు పట్టే ఈ ప్రక్రియ నడుస్తున్నంతకాలం వచ్చే వారపు అద్దెకు అది ఉపయోగపడదు. అందుచేత పునఃపరిశీలన కోరిన రోజునే, అదే కార్యాలయంలో స్వల్పకాలిక అత్యవసర ఋణం ఉన్నదా అని కూడా అడగాలి. అనేక విశ్వవిద్యాలయాల్లో అది ఉంటుంది, కొన్ని రోజుల్లోనే చేతికి అందుతుంది.